చిమ్నీ లెక్క వేరు, దారి దుమ్ము లెక్క వేరు: యర్రగుంట్ల గాలిని మోడల్ చెయ్యడం

మీరు అడిగింది ఇదీ. యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ విస్తరణ నివేదిక చదివారు. ఫ్యాక్టరీ వల్ల నేల మట్టంలో పెరిగే పీఎం10 (పది మైక్రాన్ల లోపు దుమ్ము) ఎక్కడా ఘనపు మీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటదని అందులో రాశారు. మీ ఊళ్లో మాత్రం పొద్దున లేస్తే మిద్దె మీద, బండి సీటు మీద తెల్లటి దుమ్ము. మోడల్ అబద్ధం చెబుతోందా? ఎం.టెక్. ప్రాజెక్టుగా మీరే చేసి చూడాలంటే ఏం కావాలి? ల్యాప్‌టాప్ సరిపోతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 1.8 చిమ్నీల వరకు నమ్మదగ్గ అంకె. మంచి బ్యాగ్ ఫిల్టరు (దుమ్మును వడకట్టే గుడ్డ సంచులు), వంద మీటర్ల చిమ్నీ, వేడిగా పైకి లేచే వాయువు, మధ్యాహ్నం ఎండకు కిలోమీటరు పైదాకా కలిసిపోయే గాలి, ఇవన్నీ ఉన్నప్పుడు ఒకటి రెండు మైక్రోగ్రాములే వస్తాయి. చూడాల్సింది లెక్కలోకి రానివాటిని: గని నుంచి క్రషర్ దాకా మట్టి దారి, దాని మీద తిరిగే టిప్పర్లు, నాపరాయి పాలిష్ యూనిట్ల పక్కన ఎండిపోయిన స్లర్రీ (రాతిపొడి బురద) కుప్పలు. ఈ దుమ్ము నేల మీదే పుట్టి దగ్గర్లోనే పడుతుంది. చిమ్నీ ప్రభావం ఎక్కువగా దూరపు ఊళ్లకు, వేరే రూపంలో చేరుతుంది. ఈ రెంటినీ ఒకే మోడల్‌లో వెతికితే రెండూ దొరకవు.

దగ్గరి లెక్కకు ఏర్‌మాడ్ వాడండి, వదిలిన దుమ్ము నేల మట్టంలో ఎంత గాఢతగా చేరుతుందో కట్టే ప్రోగ్రాం అది. అమెరికా పర్యావరణ సంస్థ 2005 డిసెంబరులో పాత ఐఎస్‌సీ3 స్థానంలో దీన్ని తెచ్చింది. ఉచితం, ఫోర్ట్రాన్ సోర్సు కోడ్‌తో సహా దొరుకుతుంది. 50 కిలోమీటర్ల దాకా వాడవచ్చు. అంతకు మించిన దూరానికి, రసాయన మార్పులకు సీమ్యాక్, క్యామ్ఎక్స్, వర్ఫ్-కెమ్ లాంటి గ్రిడ్ మోడల్స్ (ప్రాంతాన్ని గడులుగా కోసి లెక్కించేవి) ఉన్నాయి. మీ ప్రాజెక్టుకు మొదటిది చాలు, రెండోదాని గురించి చివర్లో చెబుతాను.

ఎమిషన్ రేటు

నివేదికల్లో సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి. ఏర్‌మాడ్ అడిగేది సెకనుకు ఎన్ని గ్రాములు అని. ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర ఉండేది నార్మల్ ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని. మధ్యలో ఉష్ణోగ్రత, తేమ, ఆక్సిజన్ మూడు మెట్లు ఉన్నాయి. ఒక్కదాన్ని దాటేసినా అంకె మారిపోతుంది.

ఒక కిల్న్ (సిమెంటు బట్టీ) చిమ్నీ తీసుకుందాం. లోపలి వ్యాసం 4 మీటర్లు, వాయువు వేగం సెకనుకు 15 మీటర్లు, ఉష్ణోగ్రత 120 డిగ్రీలు, తేమ 10 శాతం, ఆక్సిజన్ 12 శాతం అనుకోండి. అడ్డుకోత వైశాల్యం 12.57 చదరపు మీటర్లు, కాబట్టి బయటికి వచ్చే వాయువు సెకనుకు 188.5 ఘనపు మీటర్లు. మన దేశంలో నార్మల్ అంటే 25 డిగ్రీలు, అంటే 298 కెల్విన్. 188.5ను 298తో గుణించి 393తో భాగిస్తే 142.9. తేమ తీసేస్తే 128.6. సిమెంటు కిల్న్ పరిమితులు 10 శాతం ఆక్సిజన్‌కు సరిచేసి చెప్పినవి, కాబట్టి 21 లోంచి 12 తీస్తే వచ్చే 9ని, 21 లోంచి 10 తీస్తే వచ్చే 11తో భాగించి గుణించాలి. చివరికి మిగిలేది 105.2. పీఎం పరిమితి 30 మిల్లీగ్రాములతో గుణిస్తే సెకనుకు 3.16 గ్రాములు. ఈ మెట్లేవీ ఎక్కకుండా 188.5నే 30తో గుణిస్తే 5.66 వస్తుంది, దాదాపు 80 శాతం ఎక్కువ.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది, అది మరింత ప్రమాదం. చిమ్నీలో కొలిచిన గాఢతను ఆక్సిజన్‌కు సరిచెయ్యకుండా తీసుకుని, ప్రవాహాన్ని మాత్రం సరిచేస్తారు. అప్పుడు ఎమిషన్ తక్కువగా వస్తుంది. రెండూ ఒకే స్థితిలో ఉండాలి, అది ఏ స్థితైనా ఫర్వాలేదు. ఇంకోటి: ఈ సవరణలన్నీ గ్రాముల లెక్క వరకే. ఏర్‌మాడ్‌కు ఇచ్చే వేగం, ఉష్ణోగ్రత మాత్రం చిమ్నీ మూతి దగ్గర నిజంగా ఉన్నవే ఇవ్వాలి, పొగ ఎంత ఎత్తు లేస్తుందో తేల్చేవి అవే. నార్మల్ ప్రవాహం నుంచి వెనక్కి కట్టిన వేగం ఇస్తే పొగ లేవాల్సినంత లేవదు.

2014 ఆగస్టు 25 తర్వాత మొదలైన కిల్న్‌లకు నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) పరిమితి 600 మిల్లీగ్రాములు. మన ఉదాహరణలో అది సెకనుకు 63 గ్రాములు. పీఎం కంటే ఇరవై రెట్లు. చిమ్నీ గురించి ఆలోచించాల్సింది దేని గురించో ఈ ఒక్క పోలికే చెబుతుంది. సిమెంటు కిల్న్‌లో సల్ఫర్ డయాక్సైడ్‌ను చాలావరకు సున్నమే పీల్చేస్తుంది. సున్నపురాయిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఎక్కువుంటే తప్ప అది పెద్దగా బయటికి రాదు. అందుకే దాని పరిమితి కూడా రాయిలోని పైరైట్ గంధకాన్ని బట్టి 100, 700, 1000 అని మూడు మెట్లుగా పెట్టారు.

దారి దుమ్ము

మట్టి దారికి అమెరికా వాళ్ల ఏపీ-42 (ఎమిషన్ లెక్కల సంకలనం) సూత్రమే అందరూ వాడతారు. దారి మీది మట్టిలో సన్నటి సిల్ట్ శాతాన్ని 12తో భాగించి 0.9 ఘాతానికి, బండి సగటు బరువును 3తో భాగించి 0.45 ఘాతానికి ఎత్తి, రెంటినీ 1.5తో గుణిస్తే మైలుకు ఎన్ని పౌండ్ల పీఎం10 లేస్తుందో వస్తుంది. దాన్ని 281.9తో గుణిస్తే కిలోమీటరుకు గ్రాములు.

ఖాళీగా 22 టన్నులు, లోడుతో 50 టన్నులు ఉండే డంపర్ అనుకుంటే సగటు 36. సూత్రం అడిగేది అమెరికా షార్ట్ టన్నులు కాబట్టి 40 అని వెయ్యాలి. సిల్ట్ 8 శాతం అనుకుంటే కిలోమీటరుకు సుమారు 940 గ్రాములు వస్తుంది. కిలోమీటరు దారి, గంటకు పది ట్రిప్పులు, అంటే రానూపోనూ 20 కిలోమీటర్లు: గంటకు 18.8 కిలోలు, సెకనుకు 5.2 గ్రాములు. నీళ్లు బాగా చల్లి 75 శాతం అణిచినా 1.3 గ్రాములు మిగులుతుంది. కిల్న్ చిమ్నీ 3.16 అని గుర్తుపెట్టుకోండి. గ్రాముల్లో అది ఎక్కువగానే కనిపిస్తుంది. కానీ అది వంద మీటర్ల పైన వేడిగా వదిలేది, ఇది మూడు మీటర్ల ఎత్తులో చల్లగా లేచేది. అర కిలోమీటరు దూరంలోని ఊరికి గ్రాముకు గ్రాము చూస్తే వంద రెట్లు తేడా రావడం మామూలే.

మీరు కొలవాల్సింది సిల్ట్. పుస్తకంలో దొరికిన అంకె వెయ్యకండి. దారి అడ్డంగా ఒక పట్టీ మేర ఊడ్చి, ఎండబెట్టి, 75 మైక్రాన్ల జల్లెడ గుండా దిగినదాని శాతం చూడండి. సివిల్ ల్యాబ్‌లో 200 నంబరు జల్లెడ ఉంటుంది, అదే. సున్నపురాయి గని దారికి, నల్లరేగడి మీద వేసిన దారికి సిల్ట్ ఒకలాగ ఉండదు.

మోడల్‌లో దారిని వరుసగా పేర్చిన వాల్యూమ్ సోర్సులుగా (దుమ్ము మబ్బు పెట్టెలుగా) పెట్టాలి. బండి ఎత్తు 4 మీటర్లయితే దుమ్ము మబ్బు ఎత్తు దానికి 1.7 రెట్లు, 6.8 మీటర్లు. విడుదల ఎత్తు అందులో సగం, 3.4. నిలువు తొలి వ్యాప్తి 6.8ని 2.15తో భాగిస్తే 3.16. రెండు వరుసల దారి 12 మీటర్ల వెడల్పు అయితే 6 కలిపి 18. అడ్డం వ్యాప్తి 18ని 2.15తో భాగిస్తే 8.37. ఇక్కడ ఒక చిక్కు: వాల్యూమ్ సోర్సు కేంద్రం నుంచి అడ్డం వ్యాప్తికి 2.15 రెట్లు, దానికి ఒక మీటరు కలిపిన దూరం లోపల ఏర్‌మాడ్ లెక్క కట్టదు. అంటే దారి నడిమి నుంచి 19 మీటర్ల లోపల ఇల్లుంటే ఆ రిసెప్టారుకు (గాఢత లెక్కించే బిందువుకు) ఆ సోర్సు వాటా సున్నా. మ్యాపులో దారి పక్కనే గాలి శుభ్రంగా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. అలాంటి చోట ఏరియా సోర్సు (దుమ్మును ఒక వైశాల్యమంతా పరిచి చూపేది) వాడండి. గని గుంతకు ఓపెన్‌పిట్ అనే సోర్సు వేరే ఉంది.

టిప్పర్లు ఏ గంటల్లో తిరుగుతాయో కూడా చెప్పాలి. రోజు మొత్తం దుమ్మును 24 గంటలకు సమంగా పంచితే ఒక రకం, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా అంటే ఇంకో రకం. రాత్రి గాలి పడిపోయి, పైన వేడి పొర కప్పేసినప్పుడు లేచిన దుమ్ము ఊరి మీదే తేలుతుంది. గంటవారీ గుణకాలకు ఎమిస్‌ఫ్యాక్ట్ అనే కీవర్డ్ ఉంది. అరగంట పని, దాన్ని బద్ధకించకండి.

గాలి డేటా

నివేదికల్లో చాలా బలహీనమైన భాగం ఇదే. 2006 సెప్టెంబరు పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పద్ధతిలో బేస్‌లైన్ (ఇప్పుడున్న గాలి స్థితి) కొలతలు వానాకాలం కాకుండా ఒక సీజన్ చేస్తే చాలు. మార్చి నుంచి మే, లేదా డిసెంబరు నుంచి ఫిబ్రవరి. గాలి నమూనాలు తీసినట్టే వాతావరణ డేటా కూడా ఆ మూడు నెలలదే మోడల్‌లో వేసేస్తారు. కోస్తాలో వానాకాలం అంటే వాన. మన సీమలో జూన్, జూలై అంటే ఎక్కువగా గాలే. పడమటి కనుమలు వానను అక్కడే ఆపేస్తే పొడిగాలి మాత్రం ఇటు వచ్చి పడుతుంది. అనంతపురం గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. దారి దుమ్ము, స్లర్రీ కుప్పలు, బూడిద చెరువుల పైపొర అన్నీ లేచేది ఆ నెలల్లోనే, పడమటి నుంచి తూర్పుకు. ఆ నెలలు లేని మోడల్‌లో తూర్పున ఉన్న ఊరు బాగున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి కొలతలు మూడు నెలలవే అయినా, మోడల్‌కు కనీసం ఒక పూర్తి ఏడాది గంటవారీ డేటా ఇవ్వండి.

డేటా ఎక్కణ్ణుంచి? కడప, కర్నూలు, అనంతపురంలో వాతావరణ శాఖ కేంద్రాలున్నాయి, పుణె కార్యాలయం నుంచి కొనుక్కోవచ్చు. ఉపరితల డేటా మూడు గంటలకోసారి ఉంటే మధ్య గంటలను అతికించి నింపకండి, గాలి దిశను సగటు చేస్తే అర్థం లేని దిశ వస్తుంది. 350 డిగ్రీలకు, 10 డిగ్రీలకు మామూలు సగటు 180, అంటే ఉత్తరపు గాలిని దక్షిణపు గాలిగా మార్చేస్తారు. మేఘాలను మన వాళ్లు ఎనిమిదింట్లో చెబుతారు, ఏర్‌మెట్ (ఏర్‌మాడ్‌కు గాలి డేటా సిద్ధం చేసే ప్రోగ్రాం) పదింట్లో అడుగుతుంది. 4 అని ఉన్నది 5 కావాలి.

పై గాలి సంగతి ఇంకా చిక్కు. బెలూను కేంద్రాలు హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో ఉన్నాయి. భారత సమయం ఉదయం 5:30 బెలూను ఏర్‌మెట్‌కు బాగా కుదురుతుంది, ఎండ రాకముందు నేలను ఆనుకున్న గాలి పొర ఎలా ఉందో అదే చెబుతుంది కాబట్టి. కానీ బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, కడప 150 కన్నా కింద. బెంగళూరు బెలూను మొదలయ్యే చోటికి మన పొర సగం అయిపోతుంది. చెన్నైది సముద్రపు గాలి. అందుకని వర్ఫ్ అనే వాతావరణ మోడల్‌ను 3 కిలోమీటర్ల గ్రిడ్‌తో నడిపి, ఎంఎంఐఎఫ్ అనే సాధనంతో మీ స్థలం మీది ప్రొఫైల్ తీసుకోవడం మేలు. ఈఆర్ఏ5 (ఐరోపా వాళ్ల ప్రపంచ వాతావరణ డేటా) నేరుగా వాడేవాళ్లూ ఉన్నారు. దాని గ్రిడ్ పావు డిగ్రీ, సుమారు 28 కిలోమీటర్లు. ఎర్రమల కొండలు అందులో చదునైపోతాయి. గాలి అసలు లేని రాత్రులు కూడా అందులో తక్కువ కనిపిస్తాయి. దుమ్ము ఊరి మీద నిలిచేది ఆ రాత్రుల్లోనే.

సమయం విషయంలో జాగ్రత్త. మన గడియారం గ్రీన్విచ్‌కు అయిదున్నర గంటలు ముందు, ఈ సాధనాలు పూర్ణ గంటల తేడాకే అలవాటు పడ్డాయి. ఆ అరగంట ఎటో ఒకవైపు పోతుంది. పోనివ్వండి, కానీ ఉపరితల డేటా, పై డేటా, ఎమిషన్ గంటలు మూడూ ఒకే వైపు జరగాలి. సరిచూసుకోవడం సులభం: ఏర్‌మెట్ ఇచ్చిన ఫైల్‌లో మోనిన్–ఒబుఖోవ్ పొడవు (గాలి పగటిలా కలుస్తోందా, రాత్రిలా నిలిచిందా చెప్పే అంకె) రుణం నుంచి ధనానికి మారే గంట సూర్యాస్తమయం దగ్గర ఉందా? మధ్యాహ్నం రెండింటికో, రాత్రి పదింటికో మారుతుంటే గడియారం తప్పింది.

ఇప్పుడు నాకు బాగా నవ్వొచ్చే తప్పు. ఏర్‌మెట్‌కు నేల లక్షణాలు మూడు కావాలి: ఆల్బెడో (నేల వెనక్కి కొట్టే ఎండ వాటా), బోవెన్ నిష్పత్తి (గాలిని వేడిచేసే శక్తికి, తేమను ఆవిరిచేసే శక్తికి ఉన్న నిష్పత్తి), గరుకుదనం. అమెరికాలో అయితే ఏర్‌సర్ఫేస్ అనే సాధనం చూసి ఇస్తుంది. అది అక్కడి భూవినియోగ పటాలకు చేసింది, మనకు పట్టికలోంచి చేత్తో ఎంచుకోవాలి. పట్టికలో పంట భూమికి చలికాలం ఆల్బెడో 0.60 అని ఉంటుంది. అది మంచు కప్పిన పొలం! డిసెంబరు కదా అని ఆ వరుస ఎంచుకుంటే జమ్మలమడుగు శనగ చేల మీద మంచు కురిపించినట్టే. నేల వేడెక్కదు, గాలి పైకి కలవదు, పొర పలచగా ఉంటుంది, అన్ని అంకెలూ తప్పుతాయి. మన పొలాలకు 0.18 నుంచి 0.20 వెయ్యండి. బోవెన్ నిష్పత్తి పొడి పరిస్థితులకు 1.5 నుంచి 2. బీళ్లు, గుట్టలు ఎక్కువున్న చోట అంతకంటే పెంచాలి. గరుకుదనం మాత్రం గాలి కొలిచిన స్తంభం చుట్టూ కిలోమీటరు లోపలిది. ఫ్యాక్టరీ చుట్టూ ఉన్నది కాదు, చాలామంది ఇక్కడ పొరపడతారు.

రాత్రి గాలి సెకనుకు మీటరు లోపు పడిపోయే చోట ఏడీజే-యూస్టార్ (మెల్లటి గాలికి నేల రాపిడిని సరిచేసేది) అనే ఏర్‌మెట్ ఆప్షన్ పెట్టండి. లేకపోతే నేల మీది సోర్సులకు రాత్రి గాఢతలు విపరీతంగా వస్తాయి.

కొండలు, కట్టడాలు, జోన్లు

నేల ఎత్తులు చూసి ఇచ్చే ఏర్‌మ్యాప్‌కు ఎస్ఆర్‌టీఎం (అంతరిక్ష రాడార్ కొలిచిన) 30 మీటర్ల ఎత్తుల డేటా చాలు. యూటీఎం (స్థానాన్ని మీటర్లలో చెప్పే పటం పద్ధతి) జోన్ విషయంలో మాత్రం సీమ మనకు పరీక్ష పెడుతుంది. 78 డిగ్రీల రేఖాంశం 43, 44 జోన్ల మధ్య గీత. యర్రగుంట్ల, కడప 44లో ఉన్నాయి. అనంతపురం, ఆదోని 43లో. తాడిపత్రి దాదాపు గీత మీదే. తాడిపత్రి చుట్టూ 10 కిలోమీటర్ల గ్రిడ్ వేస్తే సగం ఊళ్ల జీపీఎస్ పాయింట్లు ఒక జోన్‌లో, సగం ఇంకో జోన్‌లో వస్తాయి, అలాగే కలిపేస్తే వందల కిలోమీటర్ల అవతల పడతాయి. మొత్తం ఒకే జోన్‌లోకి బలవంతంగా మార్చుకుని మొదలుపెట్టండి.

కట్టడాల నీడ గురించి ఒక్క మాట. ప్రీహీటర్ టవర్ (కిల్న్‌కు ముందు రాతిపొడిని వేడిచేసేది) 110 మీటర్లు, వెడల్పు 25 అయితే ఎత్తుకు వెడల్పు ఒకటిన్నర రెట్లు కలిపి 147.5 మీటర్ల కంటే పొట్టి చిమ్నీకి డౌన్‌వాష్ (కట్టడం పొగను కిందికి లాగడం) లెక్క అవసరం. బీపీఐపీప్రైమ్ దాన్ని చేస్తుంది. అయితే ప్రీహీటర్ చాలావరకు గాలి దూరే జల్లెడ కట్టడం. దాన్ని గోడలాగ చూపిస్తే పొగను అతిగా కిందికి లాగుతుంది. రెండు రకాలుగా నడిపి తేడా రాయండి.

రిసెప్టార్లు కిలోమీటరు దాకా 100 మీటర్లకు ఒకటి, 3 దాకా 250కి, 10 దాకా 500కి. మొత్తం సుమారు రెండున్నర వేలు వస్తాయి. వాటికి తోడు ప్రతి ఊరి బడి, అంగన్‌వాడీ దగ్గర విడిగా ఒక్కోటి.

వచ్చిన అంకెను ఏం చెయ్యాలి

2009 నవంబరు జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం10 రోజు సగటు 100, ఏడాది సగటు 60. పీఎం2.5 (రెండున్నర మైక్రాన్ల లోపు దుమ్ము)కు 60, 40. నైట్రోజన్ డయాక్సైడ్‌కు 80, 40. రోజు ప్రమాణం ఏడాదిలో 98 శాతం రోజులు పాటించాలి, మిగతా 2 శాతంలోనూ వరుసగా రెండు రోజులు దాటకూడదు. అంటే 365 రోజుల మోడల్‌లో చూడాల్సింది ఎనిమిదో అతిపెద్ద విలువ. మొదటి విలువ కూడా రాయండి, కానీ ప్రమాణంతో పోల్చేది ఎనిమిదోది.

నైట్రోజన్ దగ్గర తొందరపడకండి. కిల్న్ నుంచి వచ్చేది ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్, ప్రమాణం ఉన్నది డయాక్సైడ్‌కు. మొత్తం డయాక్సైడే అనుకుంటే మరీ ఎక్కువ చూపిస్తుంది. ఏఆర్ఎం2 పద్ధతి గాఢతను బట్టి 0.5 నుంచి 0.9 దాకా డయాక్సైడ్ నిష్పత్తి వేస్తుంది, మొదటి ప్రయత్నానికి అది బాగుంటుంది.

విస్తరణ నివేదికలో బేస్‌లైన్‌కు మోడల్ పెరుగుదల కలుపుతారు. ఉన్న ఫ్యాక్టరీ దుమ్ము బేస్‌లైన్‌లో ఇప్పటికే ఉంది, కాబట్టి కొత్తగా వచ్చేదాన్నే కలపాలి, అది న్యాయమే. కానీ గని ఉత్పత్తి రెట్టింపైతే టిప్పర్ల ట్రిప్పులు కూడా రెట్టింపు. ఆ పెరుగుదల పట్టికలో ఉందో లేదో చూడండి. మీరు చదివిన నివేదికలో మొదట చూడాల్సింది సోర్సుల జాబితా. అందులో చిమ్నీలు మాత్రమే ఉంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

సరిచూడ్డానికి మోడల్‌ను కొలతతో గంటకు గంట పోల్చకండి, గాలి దిశలో పది డిగ్రీల తేడాకే రెండూ ఎక్కడికో పోతాయి. రెండు వరుసలనూ పెద్దనుంచి చిన్నకు పేర్చి పోల్చండి. సగానికి పైగా విలువలు రెండు రెట్ల లోపు ఉంటే మోడల్ పనికొస్తున్నట్టు. గాలికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు శాంప్లర్లు పెట్టి తేడా తీస్తే ఇంకా బాగుంటుంది. చవక సెన్సర్లను పీఎం10కు నమ్మొద్దు. అవి కాంతి చెదరడాన్ని బట్టి లెక్కిస్తాయి, గని దుమ్ములోని పెద్ద రేణువులు వాటికి సరిగా కనిపించవు.

యాభై కిలోమీటర్ల అవతల

ఇక చిమ్నీ అసలు ప్రభావం. యర్రగుంట్ల మండలంలోనే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది, అయిదు 210 మెగావాట్ల యూనిట్లు, ఒక 600, మొత్తం 1650 మెగావాట్లు. ఆ కొలతలో ఒక యూనిట్ ఎంత వదలగలదో కాగితం మీద కడదాం. 600 మెగావాట్లకు గంటకు 400 టన్నుల బొగ్గు, అందులో అర శాతం గంధకం అనుకుంటే, గంధకం బరువుకు రెట్టింపు సల్ఫర్ డయాక్సైడ్, అంటే గంటకు 4 టన్నులు, సెకనుకు 1,100 గ్రాములు. శుద్ధి లేకపోతే ఇది కిల్న్‌ల ముందు ఏనుగు. చిమ్నీ ఎత్తు సూత్రంలో, అంటే గంటకు కిలోల సల్ఫర్ డయాక్సైడ్‌ను 0.3 ఘాతానికి ఎత్తి 14తో గుణిస్తే, 169 మీటర్లు వస్తుంది. ఎత్తు పెంచితే దగ్గరి ఊరు తప్పించుకుంటుంది. వాయువు మాత్రం ఎక్కడికో పోవాలి కదా.

పొడి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ గంటకు ఒక శాతం చొప్పున సల్ఫేట్‌గా మారుతుందనుకోండి. మబ్బుల్లో ఇంకా వేగం. సెకనుకు 4 మీటర్ల గాలికి 50 కిలోమీటర్లు దాటడానికి మూడున్నర గంటలు. ఏర్‌మాడ్ హద్దు దాటేసరికి మారింది మూడున్నర శాతమే, మిగతా కథంతా అవతలే. ఒక గ్రాము సల్ఫర్ డయాక్సైడ్ పూర్తిగా మారితే రెండు గ్రాములకు పైగా అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది, అది పీఎం2.5. అమ్మోనియా ఎక్కణ్ణుంచి? యూరియా చల్లిన పొలాలు, పశువులు.

దీనికి వర్ఫ్‌తో 27, 9, 3 కిలోమీటర్ల మూడు పొరల గ్రిడ్ వేసి, సీమ్యాక్ గానీ క్యామ్ఎక్స్ గానీ నడపాలి. ఎమిషన్లకు ఎడ్గార్ (ప్రపంచ ఎమిషన్ల జాబితా) ఉంది, గ్రిడ్ 0.1 డిగ్రీ. ఇక్కడ మూడు గుంతలు. ఒకటి: కరెంటు కేంద్రాలను మీరు చేత్తో చేర్చితే ఎడ్గార్ గడిలోంచి వాటిని తీసెయ్యాలి, లేదంటే రెండుసార్లు లెక్కిస్తారు. రెండు: గ్రిడ్ ఎమిషన్లన్నీ నేల పొరలో పడిపోతే ఎత్తైన చిమ్నీ వాయువు నేల మీదే వదిలినట్టవుతుంది, పాయింట్ సోర్సులుగా ప్లూమ్ రైజ్‌తో (పొగ లేచే ఎత్తుతో) ఇవ్వాలి. మూడు: సరిహద్దులు. చలికాలం ఈశాన్య గాలి వెంట దూరపు పొగ కూడా వస్తుంది, దాన్ని ప్రపంచ మోడల్ నుంచి తెచ్చి అంచుల్లో పెట్టకపోతే కడప పీఎం2.5 ఎప్పటికీ తక్కువే వస్తుంది. మొదటి 5 నుంచి 10 రోజుల ఫలితం పారెయ్యండి, అది మోడల్ నిలదొక్కుకునే సమయం.

ఒక ఫ్యాక్టరీ వాటా కావాలంటే అది ఉన్న రన్, లేని రన్ రెండూ చేసి తీసివెయ్యడం మామూలు పద్ధతి. కానీ రసాయనం కూడికలు తీసివేతల మాట వినదు. సల్ఫర్ తీసేస్తే మిగిలిన అమ్మోనియా నైట్రేట్‌ను పట్టుకోవచ్చు. ఎండాకాలం మన వేడికి అమ్మోనియం నైట్రేట్ ఆవిరైపోతుంది, ఆ గొడవ చలికాలంలోనే ఎక్కువ. క్యామ్ఎక్స్‌లో పీశాట్, సీమ్యాక్‌లో ఐశామ్ అనే గుర్తు వేసే పద్ధతులు వాటాను వేరేగా చెబుతాయి. రెండు పద్ధతుల అంకెలు కలవకపోతే కంగారు పడకండి, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ల్యాప్‌టాప్ సంగతి. ఏర్‌మాడ్‌కు చాలు, అది ఒకే కోర్ మీద నడుస్తుంది. రెండున్నర వేల రిసెప్టార్లు, దారికి రెండు వందల వాల్యూమ్ సోర్సులు, ఏడాది గంటలు అంటే గంటల తరబడి పడుతుంది. సోర్సులను నాలుగు ముక్కలు చేసి నాలుగు కోర్ల మీద విడివిడిగా నడిపి, గంటవారీ ఫలితాలను తర్వాత కలపండి. గరిష్ఠాలను కలపకూడదు, అవి వేర్వేరు రోజులవి. ప్రాంతీయ మోడల్‌కు 32 కోర్ల పైన సర్వరు, టెరాబైట్ల డిస్కు కావాలి. కాలేజీలో లేకపోతే హైస్‌ప్లిట్ అనే ప్రోగ్రాంతో యర్రగుంట్ల నుంచి ఏడాది పొడవునా గాలి బాటలు గీసి చూడండి, గాఢత రాదు గానీ ఏ నెలలో పొగ ఎటు పోతుందో తెలుస్తుంది.

మీ మిద్దె దుమ్ము మిగిలింది. అందులో ఎక్కువ భాగం పది మైక్రాన్ల కంటే లావు, పీఎం10 అంకెలో అసలు ఉండదు. చీనీ ఆకుల మీద పేరుకునేదీ ఇదే. దానికి ఏర్‌మాడ్‌లో డిపోజిషన్ ఆప్షన్ పెట్టి, రేణువుల సైజులు, సాంద్రత ఇచ్చి, చదరపు మీటరుకు నెలకు ఎన్ని గ్రాములో అడగాలి. కొలతకు ఐఎస్ 5182 మొదటి భాగంలో చెప్పినట్టు డస్ట్‌ఫాల్ జాడీ మిద్దె మీద నెల రోజులు పెట్టండి. జాడీలో పడ్డదాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే గాజు గోళీల్లా గుండ్రంగా ఉన్నవి బొగ్గు బూడిద, మొనలు తేలినవి రాతిపొడి. యాసిడ్ చుక్క వేస్తే పొంగింది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీదేనని మాత్రం రాయకండి. మన నల్లరేగడిలోని సున్నపు గుళికలు కూడా పొంగుతాయి, పాలిష్ యూనిట్ స్లర్రీ కూడా పొంగుతుంది.